క్లచ్ మెల్లగా, బ్రేకు ముందుగా
కొత్తగా బండి నేర్చుకునేవారి కుటుంబాలకు కొన్ని సూచనలు

ఆస్పత్రి పుస్తకంలో బండి తోలడం గురించి ఎందుకు రాశారని మీరు అనుకోవచ్చు. బి.పి., షుగరు, టి.బి., బాలింతల ఆహారం గురించి రాసే చోట క్లచ్‌కూ బ్రేకుకూ ఏం పని అని అడగవచ్చు. పని ఉంది. 2022వ సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. అంటే ప్రతి 100 మందిలో 44 మంది. ఇవి కేంద్ర రవాణా శాఖ లెక్కలు. ప్రాణం దక్కినా కాలో చెయ్యో విరిగి మంచం పట్టినవారు ఈ లెక్కలో లేరు.

ఇంకొక కారణం కూడా ఉంది. మీరు ఇప్పుడు రోగి దగ్గర ఉంటున్నారు. ఇంట్లో బండి తోలే మనిషే మంచం మీద ఉంటే, అన్నం క్యారియర్ ఎవరు తెస్తారు? మందులకు ఎవరు వెళ్తారు? చాలా ఇళ్లలో అప్పటికి సగం నేర్చుకున్న కొడుకో, తమ్ముడో, అల్లుడో బండి తీస్తాడు. కొన్ని ఇళ్లలో కూతురు తీస్తుంది. నాన్నకు బాగాలేదన్న కంగారు, రాత్రి నిద్ర లేదు, బండి కొత్త. ఇలా ఒకే ఇంటి నుండి రెండో మనిషి కూడా వార్డుకు రావడం నర్సులకు కొత్త కాదు. ఆ రెండో మంచం అవసరం రాకుండా చూడడం చాలావరకు మన చేతుల్లోనే ఉంది.

మన ప్రాంతంలో ఒక ఎముక విరిగితే ఏమవుతుందో మీకు తెలుసు. ధర్మవరంలో గుంట మగ్గం నేసేవారికి రెండు కాళ్లూ, రెండు చేతులూ కావాలి. చీలమండ విరిగితే మగ్గం నిలిచిపోతుంది, చీరకు తీసుకున్న బయానా అప్పుగా మారుతుంది. హిందూపురం మార్కెట్‌లో బెల్లం, చింతపండు మూటలు మోసేవారికి భుజం ఎముక విరిగితే కూలి ఉండదు. పెనుకొండ దగ్గర కంపెనీల్లో షిఫ్టు పనికి వెళ్లే పిల్లలకు నెలల తరబడి సెలవంటే ఉద్యోగమే సందేహం. కాబట్టి బండి నేర్చుకోవడం అనేది సరదా విషయం కాదు, కుటుంబమంతా పట్టించుకోవలసిన విషయం.

బండిని ముందుగా తెలుసుకోండి

గేర్ల బండి మీద రెండు చేతులకూ, రెండు కాళ్లకూ వేరువేరు పనులు ఉంటాయి. ఎడమ చేతి కింద క్లచ్. కుడి చేతిలో రేజు, దాని ముందు ముందుచక్రం బ్రేకు. కుడి కాలి కింద వెనకచక్రం బ్రేకు. ఎడమ కాలి కింద గేరు. కొత్తవారు ఈ ఐదింటినీ బండి ఆపి ఉంచి, కళ్లు మూసుకుని తాకి చెప్పగలగాలి. చూసి వెతుక్కునే మనిషి ఇంకా రోడ్డు మీదికి రాకూడదు.

ఇక్కడ ఒక ప్రమాదం దాగి ఉంది. మన ఇళ్లలో చాలామంది మొదట స్కూటీ గానీ యాక్టివా గానీ నేర్చుకుంటారు. ఆ బండ్లకు ఎడమ చేతి కింద ఉండేది బ్రేకు. గేర్ల బండికి అదే చోట ఉండేది క్లచ్. ఎదురుగా మేక అడ్డం వస్తే, పాత అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి గట్టిగా నొక్కేస్తుంది. బండి ఆగదు. ఇంజను పట్టు కూడా వదిలేసి ఇంకా తేలికగా ముందుకు జారుతుంది. కాబట్టి స్కూటీ వచ్చిన మనిషికి బండి వచ్చినట్టే అని అనుకోకండి. వారు ఒక పాత అలవాటును మరచిపోవాలి, ఒక కొత్త అలవాటు చేసుకోవాలి. దానికి రోజులు పడుతుంది.

గేర్లు కూడా అన్ని బండ్లకూ ఒకే రకంగా ఉండవు. స్ప్లెండర్ వంటి బండికి న్యూట్రల్ తర్వాత నాలుగు గేర్లూ ముందుకు నొక్కుతూ పోతాయి. పల్సర్ వంటి బండికి మొదటి గేరు కిందికి, మిగతావి పైకి. పక్కింటి అన్న బండి తీసుకున్నప్పుడు గేర్లు ఎటు పడతాయో అడిగి తెలుసుకున్న తర్వాతే కదలాలి.

క్లచ్ అంటే ఏమిటి?

ఇంజను తిరుగుతూ ఉంటుంది. చక్రం ఆగి ఉంటుంది. తిరిగేదాన్నీ ఆగి ఉన్నదాన్నీ ఒక్కసారిగా కలిపితే ఎదురుదెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ తగలకుండా మెల్లగా కలిపేదే క్లచ్.

మీ రెండు అరచేతులను దగ్గర పెట్టండి. ఒక చేతిని గుండ్రంగా తిప్పుతూ, రెండో చేతిని మెల్లగా దానికి ఆనించండి. మొదట జారుతుంది, తర్వాత కొంచెం పట్టుకుంటుంది, చివరికి రెండూ కలిసి తిరుగుతాయి. బండి లోపల క్లచ్ ప్లేట్లు చేసే పని కూడా ఇదే. లీవరు పూర్తిగా నొక్కితే ప్లేట్లు విడిపోతాయి, ఇంజను బలం చక్రానికి అందదు. పూర్తిగా వదిలితే కలిసిపోతాయి. మధ్యలో కొంచెం జారుతూ, కొంచెం పట్టుకునే చోటు ఒకటి ఉంది. దాన్నే మనవాళ్లు హాఫ్ క్లచ్ అంటారు. బండి నేర్చుకోవడం అంటే సగం ఈ చోటును వేళ్లతో గుర్తుపట్టడమే.

కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు క్లచ్‌ను టక్కున వదిలేయడం. రేజు తక్కువ ఉంటే బండి ఎగిరి ఆగిపోతుంది. రేజు ఎక్కువ ఉంటే బండి ముందుకు దూకుతుంది. దూకిన బండి మీద మనిషి వెనక్కి వాలిపోతాడు, వాలినప్పుడు కుడి చెయ్యి తెలియకుండానే రేజును ఇంకా తిప్పేస్తుంది. గోడకు గుద్దుకునేది ఇలాగే. దీనికి మందు ఒకటే: బండి దూకిన మరుక్షణం ఎడమ చేత్తో క్లచ్ పూర్తిగా నొక్కేయాలి. ఇంజను ఎంత అరిచినా బండికి బలం అందదు. ఈ ఒక్క మాట మొదటి రోజే నేర్పండి.

మొదటి వారం ఎలా నేర్పాలి?

రోడ్డు మీద వద్దు. సెలవు రోజున బడి మైదానం గానీ, ఎవరూ లేని గట్టి నేల గానీ చూసుకోండి. ఇసుక, కంకర ఉన్న చోటు పనికిరాదు. ఉదయం పూట గంటసేపు చాలు. అలసిన చేతికి క్లచ్ పట్టు తెలియదు.

మొదటి రోజు ఇంజను వేయకండి. బండిని నెట్టనివ్వండి, స్టాండు వేసి తీయనివ్వండి. ఇంకొకరు వెనక నుండి మెల్లగా తోస్తుంటే, కూర్చున్నవారు బ్రేకు పట్టి ఆపడం నేర్చుకోవాలి. కదలడం కన్నా ముందు ఆగడం నేర్పండి.

రెండో రోజు ఇంజను వేసి, న్యూట్రల్ పచ్చ దీపం చూపించండి. క్లచ్ పూర్తిగా నొక్కి మొదటి గేరు వేయాలి. రేజు చాలా తక్కువ. ఇప్పుడు క్లచ్‌ను వెంట్రుకవాసి చొప్పున వదలాలి. బండి కదలబోతున్నట్టు చిన్న వణుకు తెలుస్తుంది. అక్కడే చెయ్యి ఆపాలి. బండి నడక వేగంతో కదులుతుంది. పది అడుగులు పోయాక క్లచ్ నొక్కి, బ్రేకు వేసి ఆగాలి. దీన్ని ఇరవై, ముప్పై సార్లు చేయించండి. విసుగు వస్తుంది, అయినా చేయించండి. తర్వాత రద్దీలో ప్రాణం కాపాడేది ఈ అభ్యాసమే.

మూడో రోజు నుండి రెండో గేరు, మలుపులు. ఎటు వెళ్లాలో అటు చూడాలి, ముందు చక్రం వైపు కాదు. చూపు ఎటు ఉంటే బండి అటు పోతుంది. ఆ తర్వాత 8 ఆకారంలో మెల్లగా తిప్పడం. లైసెన్సు పరీక్షలో సాధారణంగా ఇదే అడుగుతారు.

చివరగా ఎత్తు మీద బండి కదిలించడం. కుడి కాలితో వెనక బ్రేకు నొక్కి ఉంచాలి. క్లచ్ సగం వదిలి, ఇంజను పట్టు తెలిసిన తర్వాత కొంచెం రేజు ఇచ్చి, అప్పుడు బ్రేకు వదలాలి. ఆగినప్పుడు ఎప్పుడూ ఎడమ కాలు నేల మీద పెట్టాలి. కుడి కాలు బ్రేకు మీదే ఉండాలి.

నేర్పేవారికి ఒక మాట. అరవకండి. భయపడిన చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది, గట్టిగా పట్టుకున్న చెయ్యి రేజు తిప్పుతుంది.

బ్రేకు: ముందుదా, వెనకదా?

"ముందు బ్రేకు ముట్టుకోవద్దురా, పల్టీ కొడతావు" అని ఊళ్లలో పెద్దలు చెబుతుంటారు. ఈ మాట విని చాలామంది పిల్లలు వెనక బ్రేకు ఒక్కటే వాడతారు. ఇది మంచిది కాదు. బ్రేకు వేసినప్పుడు మనిషి, బండి బరువు ముందుకు వాలుతుంది. బస్సు ఆగినప్పుడు మనమందరం ముందుకు తూగినట్టే. అప్పుడు ముందు చక్రం నేలను గట్టిగా పట్టుకుంటుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత నొక్కినా అది జారుతుందే గానీ బండిని త్వరగా ఆపలేదు. బండిని ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకుదే.

పెద్దల మాటలో నిజం లేకపోలేదు. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజితే, లేదా హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు పడితే, చక్రం బిగిసి బండి పడిపోతుంది. కాబట్టి వదిలేయడం కాదు, సరిగ్గా వాడడం నేర్చుకోవాలి. రేజు వదిలేయాలి, బండి నిటారుగా ఉండాలి, రెండు బ్రేకులూ కలిపి వేయాలి. ముందు బ్రేకును తడి గుడ్డ పిండినట్టు మొదట మెల్లగా, తర్వాత గట్టిగా పట్టాలి. బండి దాదాపు ఆగబోయే ముందు క్లచ్ నొక్కాలి. మొదటే క్లచ్ నొక్కేస్తే ఇంజను పట్టు పోయి బండి ఎక్కువ దూరం పోతుంది.

2019 ఏప్రిల్ నుండి అమ్మే కొత్త బండ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, అంతకంటే చిన్నవాటికి కనీసం కంబైన్డ్ బ్రేకు ఉండాలని నియమం వచ్చింది. ఏబీఎస్ చక్రం బిగిసిపోకుండా చూస్తుంది. కంబైన్డ్ బ్రేకులో ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ కొంత పని చేస్తుంది. అంతకు ముందు కొన్న పాత బండ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. మీ బండికి ఏది ఉందో తెలుసుకోండి.

ఎంత దూరంలో ఆగుతుంది?

గంటకు 40 కి.మీ. వేగంలో బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. అడ్డం వచ్చినదాన్ని కన్ను చూసి, చెయ్యి బ్రేకు పట్టేలోపే ఆ సెకను అయిపోతుంది. తర్వాత బ్రేకు పని చేసి ఆగడానికి మంచి పొడి రోడ్డు మీద ఇంకో 10 మీటర్లు. మొత్తం 21 మీటర్లు, అంటే దాదాపు రెండు బస్సుల పొడవు.

60 కి.మీ. వేగంలో అదే లెక్క 40 మీటర్లు అవుతుంది. దాదాపు నాలుగు బస్సులు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే దూరం రెండింతలు అయింది, చూడండి. కొత్తవారికి, నిద్ర లేనివారికి, వెనక ఇద్దరిని ఎక్కించుకున్నవారికి ఇంకా ఎక్కువ పడుతుంది.

మన రోడ్ల మీద జాగ్రత్తలు

హిందూపురం నుండి సోమందేపల్లి మీదుగా పెనుకొండకు పోయేటప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. ఇది హైదరాబాదు, బెంగళూరు లారీలు, కంటైనర్లు పోయే దారి. 2019 నుండి ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ నడుస్తోంది కాబట్టి షిఫ్టు బస్సులు కూడా ఉంటాయి. నేర్చుకున్న మొదటి నెలల్లో ఈ రోడ్డు ఎక్కనివ్వకండి. దూరం తగ్గుతుందని ఎదురుదారిలో పోనివ్వకండి.

పంట కాలంలో రాగి వెన్నులు, ఉలవ కట్టె, వేరుశనగ కాయలు రోడ్డు మీద పరుస్తారు. వాటి మీద బ్రేకు వేస్తే టైరు జారిపోతుంది. అక్కడికి రాకముందే వేగం తగ్గించి, నిటారుగా, బ్రేకు ముట్టకుండా దాటాలి. ఇసుక, తొలకరి చినుకులు, మార్కెట్ దగ్గర తడి కూడా అంతే. మలుపులో బ్రేకు వేయడం కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి.

దిగుడులో పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో వదిలేవారు ఉన్నారు. అప్పుడు బండిని ఆపే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. గేరులోనే దిగండి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

ఆస్పత్రికి వచ్చి పోయేవారికి

అన్నం క్యారియర్‌ను, మందుల సంచిని హ్యాండిల్‌కు తగిలించకండి. అది ఊగుతూ హ్యాండిల్‌ను ఒక పక్కకు లాగుతుంది, క్లచ్ వైరుకు, బ్రేకు లీవరుకు అడ్డం పడుతుంది. వెనక కట్టండి, లేదా భుజానికి వేసే సంచిలో పెట్టండి.

రాత్రంతా రోగి దగ్గర మేల్కొన్న మనిషి తెల్లవారి బండి తీయకూడదు. రెండు గంటలు పడుకోనివ్వండి, లేదా బస్సులో పంపండి. జలుబు, దురద, మూర్ఛ, నరాల మందులు వాడేవారు నిద్ర వస్తుందేమో డాక్టరును గానీ నర్సును గానీ అడగాలి. కట్టు విప్పించుకున్నవారు, ఫిట్స్ ఉన్నవారు డాక్టరు చెప్పేవరకు బండి తోలకూడదు.

రోగిని డిశ్చార్జి చేసిన రోజు కొత్తగా నేర్చుకున్నవారి వెనక కూర్చోబెట్టి పంపకండి. ఆ ఒక్కరోజు ఆటో ఖర్చు చూసుకోవద్దు. వెనక కూర్చునే ఆడవారు చీర కొంగు, చున్నీ లోపలికి దోపుకోవాలి. బండికి చీర గార్డు ఉండాలి. చిన్న పిల్లల కాళ్లు చువ్వల్లో పడకుండా చూడాలి.

హెల్మెట్, లైసెన్సు

ప్రపంచంలోని ఎన్నో పరిశోధనలను కలిపి చూసి 2008లో తేల్చిన విషయం ఇది: హెల్మెట్ పెట్టుకుంటే తలకు దెబ్బ తగిలే ప్రమాదం 69 శాతం, మరణించే ప్రమాదం 42 శాతం తగ్గుతుంది. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడేటప్పుడు తలకంటే ముందు హెల్మెట్టే ఎగిరిపోతుంది. నేర్చుకునే మైదానంలో కూడా పెట్టుకోవాలి. వెనక కూర్చున్నవారికి కూడా చట్టం ప్రకారం హెల్మెట్ తప్పనిసరి.

గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకు 50 సీసీ లోపు గేర్లు లేని బండికి మాత్రమే లైసెన్సు ఇస్తారు. టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 ఇంజను 50 సీసీ కంటే పెద్దది కాబట్టి అది కూడా ఇందులోకి రాదు. లెర్నర్ లైసెన్సు 6 నెలలు చెల్లుతుంది. అది తీసుకున్న 30 రోజుల తర్వాతే పరీక్షకు వెళ్లవచ్చు. ఈ కాలంలో ఎర్ర ఎల్ అక్షరం పెట్టుకోవాలి. నేర్పేవారిని తప్ప ఎవరినీ ఎక్కించుకోకూడదు. చిన్నపిల్లలకు బండి ఇస్తే, 2019లో సవరించిన చట్టం ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు పడవచ్చు.

కుటుంబ సభ్యులు అడిగే ప్రశ్నలు

ఒకసారి పడ్డాడు, ఇక బండి ముట్టనివ్వకూడదా?
దెబ్బలు మానాక మళ్లీ మైదానానికే తీసుకెళ్లండి. ఎందుకు పడ్డాడో తెలుసుకోండి: క్లచ్ టక్కున వదిలాడా, మలుపులో బ్రేకు పట్టాడా? తెలిస్తే సరిచేయవచ్చు. తిట్టి ఊరుకుంటే దొంగచాటుగా తోలతాడు.

మా అమ్మాయి నేర్చుకుంటానంటోంది, నేర్పించమా?
తప్పకుండా నేర్పించండి. కాళ్లు నేలకు ఆనే ఎత్తు బండి చూసుకోండి. అర్ధరాత్రి అవసరమైనప్పుడు సరిగ్గా నేర్చుకున్న మనిషి ఇంట్లో ఇంకొకరు ఉండడం మేలే.

రోడ్డు మీదికి ఎప్పుడు పంపవచ్చు?
చెయ్యి, కాలు చూసుకోకుండా గేరు మార్చగలగాలి. చెప్పిన గీత దగ్గర జారకుండా ఆపగలగాలి. ఎత్తు మీద వెనక్కి జారకుండా కదిలించగలగాలి. ఈ మూడూ వచ్చి, లెర్నర్ లైసెన్సు చేతికి వచ్చాకే. అప్పుడు కూడా మొదట ఊరి లోపల, పగటి పూట, నేర్పేవారు తోడుగా.

పడితే ఏం చేయాలి?

సైలెన్సర్ కాలితే వెంటనే 20 నిమిషాలు మామూలు నీటి ధార కింద పెట్టండి. పేస్టు, ఇంకు, కాఫీ పొడి పూయకండి. గీరుకుపోయిన చోట మట్టి పోయేలా శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి, టి.టి. ఇంజెక్షను అవసరమా అని ఆస్పత్రిలో అడగండి.

చెయ్యి, కాలు వంకర తిరిగినా, మోపలేకపోయినా, ఒక కర్ర గానీ మడిచిన అట్ట గానీ ఆనించి కదలకుండా కట్టి తీసుకురండి. ఎక్స్‌రే తీయకుండా నాటు కట్టు వేయించకండి. కట్టు బిగువై వేళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా ఆలస్యం చేయకూడదు.

తలకు దెబ్బ తగిలినవారు బాగానే మాట్లాడుతున్నా 24 గంటలు ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి. వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, ఫిట్స్, ముక్కు నుండి చెవి నుండి రక్తం లేదా నీరు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

స్పృహ లేనివారికి నీళ్లు తాగించకండి. మెడ తిప్పకండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగకండి. రక్తం కారే చోట గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి 108కి ఫోన్ చేయండి. సాయం చేసినవారిని కేసుల్లో ఇబ్బంది పెట్టకూడదని 2019 చట్టంలోనే ఉంది, కాబట్టి భయపడి వెళ్లిపోకండి. 2025 మే నెలలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం, రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి నిర్దేశించిన ఆస్పత్రుల్లో 7 రోజుల వరకు, 1,50,000 రూపాయల వరకు డబ్బు కట్టకుండా చికిత్స ఉంది. పోలీసులకు తెలియజేసి, ఆస్పత్రిలో అడగండి.

గుర్తుంచుకోండి

1. కదలడం కంటే ముందు ఆగడం నేర్పండి.
2. బండి దూకితే క్లచ్ పూర్తిగా నొక్కాలి.
3. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా.
4. మలుపుకు ముందే వేగం తగ్గించాలి.
5. నిద్ర లేనప్పుడు, కంగారులో ఉన్నప్పుడు బండి తీయకూడదు.
6. ఇద్దరికీ హెల్మెట్, ఇద్దరికీ పట్టీ.
7. లైసెన్సు లేని చేతికి తాళం ఇవ్వకూడదు.

ఇంట్లో బండి తాళం ఎక్కడ తగిలించి ఉంటుందో ఒకసారి గుర్తుచేసుకోండి. ఈ రోజు ఇంటికి ఫోన్ చేసినప్పుడు, "రేపు క్యారియర్ ఎవరు తెస్తారు, దేని మీద వస్తారు?" అని అడగండి. సగం నేర్చుకున్నవారైతే బస్సులో రమ్మని చెప్పండి. అన్నం ఒక అరగంట ఆలస్యమైతే రోగికి ఏమీ కాదు.